బర్క్‌తో మొదలుపెట్టండి, కానీ మొదటి పేజీ నుంచి కాదు

పాతికేళ్లు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పాను. అందులో మొదటి ఎనిమిదేళ్లు కన్సర్వేటివ్ ఆలోచన గురించిన పాఠం తప్పుగా చెప్పాను. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, ఒకవైపు "మార్పు కోరేవారు", ఇంకోవైపు "మార్పు వద్దనేవారు" అని రాసేదాన్ని. రెండో గడిలో పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ పేరు వేసి, నలభై నిమిషాల్లో చేతులు దులిపేసుకునేదాన్ని. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నకు అది సరిపోయేది కూడా.

ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, మార్పు వద్దనేవాడైతే 1775లో అమెరికా వలసలతో రాజీ పడమని పార్లమెంటులో ఎందుకు మాట్లాడాడు? వారెన్ హేస్టింగ్స్ మీద విచారణ అన్నేళ్లు ఎందుకు నడిపించాడు?" నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది, ఈలోగా ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్లిపోయింది.

ఆ మూడేళ్లలో నేను ఎక్కడెక్కడ తప్పటడుగు వేశానో, ఏది పనికొచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. మీరు కన్సర్వేటివ్ కావాలని కాదు. నేనూ పూర్తిగా కాలేదు. తిట్టాలన్నా, మెచ్చుకోవాలన్నా ముందు మనిషి ఏమన్నాడో తెలియాలి కదా.

నిర్వచనాల జోలికి పోకండి

అందరూ చేసే మొదటి పని "కన్సర్వేటిజం అంటే ఏమిటి?" అని వెతకడం. ఆ పని చేయకండి. దొరికే నిర్వచనాలు పది ఉంటే పదీ వేరుగా ఉంటాయి. పైగా మన భాషలో ఇంకో చిక్కుంది. సంప్రదాయవాది అనగానే మనకు ఛాందసుడు గుర్తొస్తాడు. ఛాందసుడు పాతదాన్ని మక్కీకి మక్కీ పాటిస్తాడు, ఎందుకని అడిగితే కోప్పడతాడు. మనం చదవబోయేవాళ్లు ఎందుకో చెప్పడానికి వందల పేజీలు రాసినవాళ్లు. అందుకే నేను కన్సర్వేటివ్ అనే మాటనే వాడుతున్నాను. ఆ మాట కూడా రాజకీయాల్లో మరీ పాతదేం కాదు. 1818లో ఫ్రాన్స్‌లో షాటోబ్రియాఁ అనే రచయిత ఆ పేరుతో పత్రిక పెట్టాడు. బ్రిటన్‌లో 1830లలో అది పార్టీ పేరైంది. బర్క్ 1797లోనే పోయాడు, ఆయనకు తాను కన్సర్వేటివ్‌నని తెలియనే తెలియదు. బతికున్నంతకాలం విగ్ పార్టీ మనిషి, అంటే తర్వాత కన్సర్వేటివ్‌లైన టోరీలకు ఎదురుపక్షం.

నిర్వచనం బదులు ఒక తగాదా పట్టుకోండి. ఈ ఆలోచనంతా ఎవరికో ఒకరికి జవాబుగా పుట్టిందే. అవతలివాడి మాట వినకుండా ఇవతలివాడి జవాబు చదివితే ఫోన్‌లో ఒకవైపు సంభాషణే విన్నట్టు ఉంటుంది.

మొదటి నెల: ఒక్క తగాదా

ఒక తెల్లకాగితం మీద ఈ తేదీలు రాసుకోండి. 1789 నవంబరు 4: లండన్‌లో రిచర్డ్ ప్రైస్ అనే మతబోధకుడు ఫ్రెంచి విప్లవాన్ని ఆహ్వానిస్తూ ప్రసంగం చేశాడు. 1790 నవంబరు 1: దానికి మండిపడి బర్క్ రాసిన పుస్తకం వచ్చింది, ఒక ఫ్రెంచి యువకుడికి ఉత్తరం రూపంలో. నెల తిరక్కుండానే మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ జవాబు. 1791లో థామస్ పెయిన్ జవాబు. ఈ నాలుగూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుంటున్నట్టు చదవాలి.

బర్క్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవబోయి నేను రెండుసార్లు ఓడిపోయాను. అధ్యాయాలు లేవు, ఉత్తరం కదా, ఒక ధారగా పోతూనే ఉంటుంది. మధ్యలో ఫ్రెంచి ప్రభుత్వ ఆదాయం గురించి, చర్చి ఆస్తుల గురించి పేజీలకు పేజీలు. మొదటిసారి చదివేటప్పుడు వాటిని నిస్సంకోచంగా దాటేయండి. నాలుగు చోట్ల ఆగితే చాలు. ప్రైస్ ప్రసంగం మీద ఆయన కోపం మొదటిది. పూర్వీకుల నుంచి ఆస్తి వచ్చినట్టే హక్కులూ వారసత్వంగా వస్తాయనే భాగం రెండోది. ఫ్రాన్స్ రాణిని తలచుకుని పదివేల కత్తులు ఒరల్లోంచి లేవాల్సింది కదా అని విలపించే చోటు మూడోది. సమాజం అంటే బతికున్నవాళ్లకూ, పోయినవాళ్లకూ, ఇంకా పుట్టనివాళ్లకూ మధ్య భాగస్వామ్యం అనే పేరా నాలుగోది.

ఆ రాణి భాగం చదివిన వెంటనే, అదే రోజు, పెయిన్‌ని తెరవండి. ఈకల అందం చూసి జాలిపడుతున్నాడు, చచ్చిపోతున్న పక్షిని మర్చిపోయాడు అంటాడు బర్క్ గురించి. ఒక్క వాక్యం, అంతే. నేను ఆ రోజు పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. బర్క్ పని అయిపోయిందనుకున్నాను. తర్వాత ఇంకో చోట కనబడింది: చివరికి సైన్యాన్ని మంచి చేసుకోగల ఒక జనరల్ వచ్చి అధికారం అంతా చేజిక్కించుకుంటాడని బర్క్ 1790లోనే రాశాడు. రాజు తల తెగింది 1793లో, నెపోలియన్ వచ్చింది 1799లో. అంటే పెయిన్ కంటికి కనబడింది బర్క్‌కు కనబడలేదు, బర్క్ కంటికి కనబడింది పెయిన్‌కు కనబడలేదు. ఎవరిది గెలుపో తేల్చుకోవాలని తొందరపడకండి.

ఒక్క మాట దగ్గర ఆగడం నేర్చుకోండి

ఈ పాత రచయితలతో పెద్ద ప్రమాదం తెలిసిన మాటలే. బర్క్ 'ప్రిజుడిస్' అనే మాటను మెచ్చుకుంటాడు. మనకు ఆ మాట వినగానే కులమో రంగో చూసి మనిషిని తక్కువ చేయడం గుర్తొస్తుంది. పాఠం కోసం ఆ పేరాను తెలుగు చేయబోయి మొదట "దురభిప్రాయం" అని రాశాను. అలా అయితే బర్క్ పిచ్చివాడిలా కనబడ్డాడు. కొట్టేసి "పక్షపాతం" అన్నాను, అదీ కుదరలేదు. ఆ వాక్యం పూర్తిగా చూస్తే తేలిందేమిటంటే, మనిషి మంచితనాన్ని అలవాటుగా మార్చేది అదే, లేకపోతే అది ఎప్పటికప్పుడు విడివిడిగా చేసే పనుల్లా మిగిలిపోతుంది అంటున్నాడు. బస్సులో పెద్దావిడ నిలబడి ఉంటే లెక్కలు వేసుకోకుండా లేచి సీటిచ్చేవాడున్నాడు చూడండి, వాడిలో ఉన్నది. చివరికి "ముందే నాటుకున్న నమ్మకం" అని రాసుకున్నాను. అదీ పూర్తిగా సరిపోదు. కానీ ఆ మూడు ప్రయత్నాల్లో నేను నేర్చుకున్నంత, మూడు వ్యాఖ్యాన గ్రంథాల్లో నేర్చుకోలేదు.

మీరూ ఇలాగే చేయండి. ఒక్కో రచయిత దగ్గర ఒక్క మాట తీసుకుని తెలుగులో పెట్టడానికి ప్రయత్నించండి. ఎక్కడ కుదరడం లేదో అక్కడే ఆయన అసలు ఆలోచన ఉంటుంది.

నోట్సులో మూడు గడులు

పుస్తకాల సారాంశం రాసుకోవడం మానేయండి. నేను నాలుగు నోటుబుక్కులు సారాంశాలతో నింపాను, మళ్లీ ఒక్కసారీ తెరవలేదు. దాని బదులు ప్రతి రచయితకూ ఒక పేజీ, అందులో మూడు గడులు. మొదటి గడిలో ఆయన కళ్లముందు జరిగింది ఏమిటి. రెండో గడిలో ఏం పోతుందని ఆయన భయం. మూడో గడిలో దాన్ని నిలబెట్టేది ఏమిటని ఆయన అనుకుంటున్నాడు. రెండో గడి ముఖ్యం. ఆ భయం ఏమిటో ఒక వాక్యంలో రాయలేకపోతే మీరింకా ఆ పుస్తకం చదవనట్టే.

నా నోటుబుక్కులో బ్రిటిష్ తత్వవేత్త మైకేల్ ఓక్‌షాట్ పేజీ ఇలా ఉంటుంది. జరిగింది: యుద్ధం తర్వాత బ్రిటన్‌లో అన్నిటికీ ప్రణాళికలు వేస్తున్నారు. 1951లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సోషలిస్టు హెరాల్డ్ లాస్కీ కూర్చున్న కుర్చీలోకి ఈయన వచ్చాడు. భయం: చేస్తూ చేస్తూ వచ్చే తెలివి పోయి, కాగితం మీద ఉన్నదే తెలివి అనుకుంటారని. దానికాయన వంటల పుస్తకం ఉదాహరణ చెప్తాడు. వంట ఆ పుస్తకంలోంచి పుట్టదు, వంట వచ్చినవాళ్లు ముందున్నారు కాబట్టే పుస్తకం రాయగలిగారు. పుస్తకం చూసి మొదటిసారి వంట చేసిన ఎవరికైనా ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మూడో గడి: నడుస్తున్న పద్ధతిలోనే ఉన్న సూచనలను పట్టుకుని ముందుకెళ్లడం. రాజకీయం అంటే అంతులేని సముద్రంలో ఓడను తేలుతూ ఉంచడమే, ఫలానా రేవుకు చేర్చడం కాదు అంటాడు. ఆ మాటకు పక్కన పెన్సిలుతో నేనొక ప్రశ్న రాశాను: ఓడ అడుగు గదిలో ఉన్నవాళ్లను ఎవరైనా అడిగారా? ఇప్పటికీ ఆ ప్రశ్న అక్కడే ఉంది.

అమెరికా పేజీకి వచ్చేసరికి రస్సెల్ కర్క్. (బర్క్, కర్క్ ఒకరే అనుకుని జవాబు రాసిన పిల్లలు నాకు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు తగిలేవారు.) 1950లో లయొనెల్ ట్రిల్లింగ్ అనే విమర్శకుడు, అమెరికాలో ఉదారవాదం తప్ప మరో మేధో సంప్రదాయమే లేదని రాశాడు. మూడేళ్లకు, 1953లో, కర్క్ బర్క్ దగ్గర మొదలుపెట్టి ఒక వంశవృక్షం గీసి చూపించాడు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం రాసిన సిద్ధాంత గ్రంథం అది. కర్క్ కార్లంటే పడని మనిషి, వాటిని యాంత్రిక జాకోబిన్లని (జాకోబిన్లంటే ఫ్రెంచి విప్లవంలోని తీవ్రవాదులు) తిట్టాడు. ఆయన భయం ఏ గడిలో ఎలా రాయాలో ఆ ఒక్క తిట్టుతో తెలిసిపోతుంది: ఇరుగుపొరుగు, ఊరు, పాత చెట్లు, ఇవన్నీ వేగంలో కొట్టుకుపోతాయని.

అందరినీ ఒకే గాటన కట్టకండి

అదే దశాబ్దాల్లో ఆర్థికవేత్త ఎఫ్.ఎ. హయెక్ కూడా కన్సర్వేటివ్‌ల అల్మారాలోనే కనబడతాడు. 1960లో వచ్చిన తన పుస్తకం చివర తాను కన్సర్వేటివ్‌ను ఎందుకు కానో చెబుతూ ఏకంగా ఒక వ్యాసం పెట్టాడు. మార్కెట్ తెచ్చే కొత్తదనాన్ని స్వాగతించేవాడు ఆయన, ఆ కొత్తదనమే ఊళ్లను చెరిపేస్తోందని ఏడ్చేవాడు కర్క్. ఇద్దరినీ కలిపి ఉంచింది కమ్యూనిజం అనే ఉమ్మడి శత్రువు. 1955లో విలియం బక్లీ పెట్టిన పత్రిక ఆ పొత్తుకు వేదికైంది. ఈ రెండు పాయలను వేరుచేసి చూడకపోతే ఇవాళ్టి రాజకీయాల్లో వాళ్లలో వాళ్లు ఎందుకు కొట్టుకుంటున్నారో అర్థం కాదు. మీ నోట్సులో రెండు రంగుల పెన్నులు వాడండి, అంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

చదువు గురించి చదివేటప్పుడు

ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, టీచర్ని కదా. ఇక్కడొక తమాషా కూడా ఉంది. చదువు విషయంలో కన్సర్వేటివ్‌లు ఎక్కువగా తలచుకునేవాళ్లలో చాలామంది కన్సర్వేటివ్‌లు కారు. మాథ్యూ ఆర్నాల్డ్ తనను లిబరల్ అనే చెప్పుకున్నాడు. ముప్పై అయిదేళ్లు స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా తిరిగిన మనిషి. ప్రపంచంలో ఇంతవరకు ఆలోచించినవాటిలో, చెప్పినవాటిలో మేలైనది అందరికీ అందాలన్నది ఆయన పట్టు. 1987లో అమెరికా విశ్వవిద్యాలయాల మీద విరుచుకుపడిన అలన్ బ్లూమ్ కూడా తాను కన్సర్వేటివ్‌ను కానన్నాడు. రాజకీయ తత్వవేత్త హానా ఆరెంట్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆమెను ఏ శిబిరంలోనూ ఇమడ్చలేం.

అందుకే ఈ భాగంలో లేబుళ్లు పక్కనపెట్టి ఆరెంట్ వ్యాసంతో మొదలుపెట్టండి. విద్యాసంక్షోభం గురించి 1950లలో రాసింది, పెద్దది కాదు, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. ప్రతి పిల్లవాడిలోనూ ఒక కొత్తదనం ఉంది, దాన్ని కాపాడాలంటే చదువు పాతదాన్ని అందించాలి, రాజకీయం మాత్రం అలా ఉండకూడదు అంటుంది. పిల్లలకు మనమే కొత్త ప్రపంచం కట్టిస్తామని బయల్దేరితే, వాళ్లు కట్టుకోవాల్సిన అవకాశాన్ని మనం లాగేసుకున్నట్టే. టీచరుగా ఇది నాకు సూటిగా తగిలింది. క్లాసులో నా అభిప్రాయాలను పాఠం పేరుతో ఎన్నిసార్లు చెప్పానో నాకు తెలుసు.

తర్వాత డొరొతీ సేయర్స్. డిటెక్టివ్ నవలలు రాసే మనిషి. 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రసంగిస్తూ మధ్యయుగాల పద్ధతి మళ్లీ తెమ్మంది: ముందు వ్యాకరణం, తర్వాత తర్కం, ఆపైన వక్తృత్వం. చిన్నపిల్లలకు బట్టీ పట్టడం సరదా, కొంచెం ఎదిగాక ఎదురు వాదించడం సరదా, యవ్వనంలో తన మాట చెప్పుకోవడం సరదా, ఆ సరదాలకు తగ్గట్టే చదువు చెప్పమంది. ఇది అమలయ్యే అవకాశం బొత్తిగా లేదని కూడా ఆమే అంది. దశాబ్దాలు గడిచాక అమెరికాలో ఆ ప్రసంగం చేతపట్టుకుని స్కూళ్లు పెట్టారు. నా సలహా: ఒక వారం సరదాగా ప్రయత్నించండి. ఏదో ఒక పేరా కంఠస్థం చేయండి, తర్వాత దానితో వాదించండి, తర్వాత మీ మాటల్లో ఎవరికైనా చెప్పండి. బట్టీ అనగానే ముఖం చిట్లించే అలవాటు నాకుండేది. బర్క్ భాగస్వామ్యం పేరా కంఠతా వచ్చాక దానిలో నేను అంతకుముందు గమనించని ఒక మెలిక కనబడింది: ఆ ఒప్పందంలో ఇంకా పుట్టనివాళ్లూ ఉన్నారు కాబట్టి, పెద్దలు మిగిల్చినదంతా మనమే తినేయడానికి కూడా బర్క్ ఒప్పుకోడు.

సంస్కృతి గురించి టి.ఎస్. ఎలియట్ 1948లో రాసింది ఉంది. నాకు అంతగా ఎక్కలేదు, వర్గాల అంతస్తులు లేకుండా సంస్కృతి నిలవదనే చోట నేను, ఆయన విడిపోయాం. బ్రిటిష్ తత్వవేత్త రోజర్ స్క్రూటన్‌ని మాత్రం చదవండి. 1968లో పారిస్‌లో విద్యార్థులు కార్లు తిరగేస్తూ, రోడ్డు రాళ్లు పెకిలిస్తూ ఉంటే చూసి, తాను వాళ్ల పక్షం కాదని తేల్చుకున్నాడు. 1979 నుంచి చెకోస్లొవేకియా వెళ్లి, నిషేధానికి గురైన మేధావుల ఇళ్లలో రహస్యంగా పాఠాలు చెప్పాడు. 1985లో పట్టుకుని దేశం నుంచి పంపేశారు. మంచివాటిని పాడుచేయడం సులువు, తయారుచేయడం కష్టం అన్న ఆయన మాట ఇళ్లలో దొంగచాటుగా నడిచిన ఆ తరగతులను తలచుకుంటూ చదివితే వేరేగా వినబడుతుంది.

కంచె పరీక్ష, దాని లోపం

1929లో జి.కె. చెస్టర్టన్ చెప్పిన ఉపమానం ఇది. దారికి అడ్డంగా ఒక కంచె ఉంది. ఇదెందుకో నాకు తెలియడం లేదు, తీసేద్దాం అంటాడొకడు. ఎందుకుందో తెలుసుకుని వచ్చి చెప్పు, అప్పుడు తియ్యనిస్తానంటాడు ఇంకొకడు. దీన్ని మీ సొంత అనుభవం మీద పెట్టి చూడండి. మీరు తీసేసిన ఒక పద్ధతిని గుర్తుచేసుకుని, అది ఎందుకుండేదో ఒక పేజీ రాయండి.

నాది చెప్తాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అలవాటుండేది. సోమవారం మొదటి పావుగంట ఎవరో ఒక విద్యార్థి గతవారం నోట్సు పైకి చదవాలి. నేను హెడ్ అయ్యాక అది టైమ్ వేస్ట్ అని ఆపేశాను. ఆ ఏడాది పేపర్లు దిద్దుతుంటే, బర్క్ మీద ప్రశ్నకు పదకొండు మంది ఒకటే రాశారు: రాజ్యం ప్రజలకు డాక్టరులా మందులు రాసివ్వాలి అని. తరతరాలుగా అనుభవిస్తూ రావడం వల్ల ఏర్పడే హక్కుకు బర్క్ వాడిన మాట 'ప్రిస్క్రిప్షన్'. పిల్లలు దాన్ని మందుల చీటీ అనుకున్నారు. అంతకుముందు ఇలాంటివి సోమవారం పైకి చదివినప్పుడే బయటపడి, నవ్వుకుని, అక్కడికక్కడే సరిచేసుకునేవాళ్లం. ఆ పావుగంట ఎందుకుండేదో నాకు పేపర్ల కట్ట ముందు కూర్చున్నాక తెలిసింది. మళ్లీ మొదలుపెట్టాను, కాకపోతే పది నిమిషాలకు తగ్గించి. మార్చుకునే దారి లేని రాజ్యానికి నిలబెట్టుకునే దారీ ఉండదని బర్క్ కూడా అన్నాడు లెండి.

కానీ ఈ పరీక్షకు ఒక లోపముంది. కంచె ఎందుకుందో చెప్పమని ఎవరిని అడుగుతున్నాం? సాధారణంగా కంచె లోపల ఉన్నవాళ్లను. 1957లో బక్లీ పత్రిక, అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లు సంఖ్యలో ఎక్కువున్న చోట కూడా తెల్లవాళ్లదే పైచేయి కావాలని సంపాదకీయం రాసింది. పాత వ్యవస్థను కాపాడాలనే వాదనే అది కూడా. తర్వాతి కాలంలో బక్లీ ఆ వైఖరి తప్పని ఒప్పుకున్నాడు. 1965 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్ యూనియన్‌లో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌కూ బక్లీకీ మధ్య జరిగిన చర్చ వీడియో దొరుకుతుంది, దాన్ని తప్పకుండా చూడండి. ఓట్లు 544, 164. గెలిచింది బాల్డ్విన్. కంచె బయట నిలబడినవాడు మాట్లాడితే ఎలా ఉంటుందో చదవడం కంటే చూడటం మేలు.

వార్తలు చివర్లో

ఇవన్నీ అయ్యాకే ఇవాళ్టి నాయకుల ప్రసంగాలు, టీవీ చర్చలు ముట్టుకోండి. అప్పుడు కూడా ఒక పనిముట్టు దగ్గర పెట్టుకోండి. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1991లో, రెండు వందల ఏళ్లుగా సంస్కరణలకు ఎదురు చెప్పినవాళ్ల వాదనలను మూడు అచ్చుల్లో పోశాడు. నా భాషలో చెప్పాలంటే: వికటిస్తుంది, ఏమీ కాదు, ఉన్నదీ పోతుంది. ప్రసంగం వింటూ మార్జిన్‌లో వి, ఏ, ఉ అని గుర్తులు పెట్టుకోండి. ఆ మూడు అక్షరాలు తప్ప ప్రసంగంలో ఏమీ మిగలకపోతే అది వట్టి అలవాటు మాట. ఏది ఎందుకు వికటిస్తుందో, ఎవరికి ఏం పోతుందో కారణంతో సహా చెబితే ఆగి వినండి. అవతలి పక్షానికీ అచ్చులున్నాయని హిర్ష్‌మన్ ఆ పుస్తకంలోనే చూపించాడు, ఆ అధ్యాయాన్ని దాటేసేవాళ్లే ఎక్కువ.

వారానికి రెండు సాయంత్రాలు చొప్పున ఇదంతా ఎనిమిది నెలల పని. ఒంటరిగా చేయకండి. మీతో ఏకీభవించని మనిషి ఒకరు చాలు. చివరి నెలలో ఒక అభ్యాసం పెట్టుకోండి: మీకు అస్సలు నచ్చని రచయిత తరఫున, ఆయనే రాసినట్టు ఒక పేజీ రాసి ఆ మనిషికి ఇవ్వండి. వెటకారం ఒక్క ముక్క ఉన్నా తిప్పి పంపమనండి.

నేను ఎలియట్ తరఫున రాసి నా స్నేహితురాలికిచ్చాను. మొదటిసారి పేజీ అడ్డంగా ఎర్ర గీతతో తిరిగొచ్చింది. రెండోసారి మార్జిన్‌లో "ఇది ఆయన కాదు, నువ్వు" అని రాసింది. మూడో ప్రతి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.